గోషా ఆంటీ పేరు, మా అత్తమ్మ పేరు

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఇక్కడ షికాగోలో ఇవాళ ఆదివారం, బయటంతా మంచు. పొద్దున్నే డెవాన్ ఏవెన్యూకి వెళ్లి గోంగూర, దోసకాయలు తెచ్చుకున్నాం. వంట తర్వాత చేద్దాం, ముందు మీకో కాగితం చూపించాలి.

ఇది మా పాప స్కూల్ పని. నాలుగో క్లాసు. నీ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో అడిగి రాసుకురమ్మన్నారు. పాప పేరు ముత్య. మా అత్తమ్మ ముత్యాలమ్మ పేరే పెట్టుకున్నాం. అత్తగారి పేరు కదా, నా నోటితో ఇప్పటికీ ఆ పేరు పెట్టి పిలవను, చిన్నీ అంటాను. మా ఇళ్లల్లో అంతే. చూడండి, ఇక్కడ పేరు రాసి కొట్టేసింది, మళ్లీ రాసింది, మళ్లీ కొట్టేసింది. అడిగితే, "క్లాసులో ఎవరికీ పలకడం రాదమ్మా, పాతకాలం పేరు" అంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి గోషా ఆంటీ వచ్చారు. ఆ పేరు వింటే మనకి పరదా గుర్తొస్తుంది కదా, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఆవిడది పోలండ్. షికాగోలో వాళ్ల జనం చాలా ఎక్కువ. మిల్వాకీ ఏవెన్యూ వైపు వెళితే బేకరీల మీద బోర్డులు కూడా పోలిష్‌లోనే ఉంటాయి. పాప ఊరికే అడిగింది, "ఆంటీ, గోషా అంటే ఏంటి?" అని. అది ఇంట్లో పిలుచుకునే పేరట. అసలు పేరు మావ్‌గొజాతా. మన చెవికి అదేదో వేరే లోకం పేరులా ఉంటుంది కానీ, అది మార్గరెట్టేనండి! మార్గరెట్ అంటే ముత్యం.

పాప పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేనూ అంతే.

ఇక ఆ సాయంత్రమంతా నేను దీని మీదే కూర్చున్నాను. గ్రీకులో ముత్యాన్ని మార్గరీతేస్ అంటారు. ఆ మాట గ్రీకులకి తూర్పు నుంచి, ఇరాన్ వైపు నుంచి వచ్చిందని భాషా పండితులు చెబుతారు. పర్షియన్‌లో ఇప్పటికీ ముత్యం అంటే మొర్వారీద్. గ్రీకు నుంచి లాటిన్‌లోకి మార్గరీతా అయి వెళ్లింది, అక్కడి నుంచి ఇంటికో రకంగా మారింది. ఫ్రాన్స్‌లో మార్గరీత్, చెక్ వాళ్లకి మార్కేతా, హంగరీలో మార్గిత్. ఇంగ్లండ్‌లో మార్గరెట్ ముద్దుగా మెగ్ అయింది, మెగ్ కాస్తా పెగ్, పెగ్గీ అయింది. మన మహాలక్ష్మి మాలచ్చి అయినట్టే. జర్మన్ల గ్రేటా మధ్యలో తెంపుకున్న ముక్క, రీటా చివర తెంపుకున్న ముక్క. మన ఊళ్లల్లోనూ రీటాలు ఉన్నారు కదా, వాళ్లవీ ముత్యం పేర్లేనన్నమాట.

ఫ్రెంచ్‌లో మార్గరీత్ అంటే తెల్ల చామంతిలాంటి డైసీ పువ్వు కూడా. అందుకే 2024 జనవరిలో గద్దె దిగిన డెన్మార్క్ రాణి రెండో మార్గరేతని ఇంట్లో డైసీ అంటారట. పిజ్జా మార్గరీటాకి ఇటలీ రాణి మార్గరీటా పేరే పెట్టారని చెబుతారు. ఇది వినగానే పాప, "అయితే నేను తినేది ముత్యాల పిజ్జానా!" అని గెంతింది. పేరు మీద అలక సగం అక్కడే తీరింది.

ఒక్క మాట చెప్పాలి. ముత్యం, మార్గరెట్ ఒకే మాట అని మాత్రం అనుకోకండి. అర్థం ఒక్కటే, పుట్టుక వేరు. నాకు మాత్రం అదే ఇంకా నచ్చింది. ఒకరినొకరు ఎరగని తల్లులు, ఒకరి భాష ఒకరికి రాని తల్లులు, ఒళ్లో పాపని చూసి ముత్యం అనే అనుకున్నారు.

ఇంకోటి ఉంది. యూరప్‌లో ఈ పేరు ఇంతలా పాకడానికి ఒక కారణం అంతియొకయ మార్గరెట్ అనే సెయింట్. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. పురిటి నొప్పులప్పుడు ఆడవాళ్లు ఆవిణ్ణి తల్చుకునేవారు. మా నల్గొండ వైపు ముత్యాలమ్మ తల్లికి పిల్లల కోసమే కదండీ మొక్కుకునేది! అమ్మవారు పోసినప్పుడు ఒంటి మీద లేచే పొక్కుల్ని ముత్యాలు అనాలని, వేరే మాట అనకూడదని అత్తమ్మ చెప్పేది. ఆవిడ కడుపులో ఉండగా వాళ్లమ్మ ఆ తల్లికే మొక్కుకుందట. ఈ పేరు అలా వచ్చింది. ఇదంతా పాపకి చెప్పాను, కొట్టివేతలు లేకుండా రాసుకుంది.

అత్తమ్మ కమ్మలు కూడా చూపిస్తాను, ఉండండి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో కొన్నవి. దగ్గరగా చూడండి, పాల మీగడ రంగు, ఈ పక్కదానికి కొంచెం గులాబీ నీడ ఉంది. రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అసలు ముత్యమో కాదో తెలియాలంటే పంటికి మెల్లగా రాయమనేది అత్తమ్మ. గాజుదైతే నున్నగా జారుతుంది, అసలుదైతే సన్నటి ఇసుకలా గరగరమంటుంది.

ఇది గోషా ఆంటీకి నేను చెప్పనే లేదండి. కమ్మ చేతికి ఇవ్వగానే ఆవిడ లైటు కింద తిప్పి చూసి, పైపంటికి ఆనించి మెల్లగా రుద్దారు. "ప్రావ్‌జీవె" అన్నారు. అసలైనవి అని.

వెంటనే పాప చెయ్యి చాపింది, నాకూ ఇవ్వమని.