అడగడానికి భయపడకండి

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను. గుంటూరు బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. మా తమ్ముడి సంగతి, వాడు చెప్పమంటేనే చెబుతున్నాను.

వాడు కౌలుకి మిర్చి వేస్తాడు. ఆ ఏడాది రేటు పడిపోయింది, అప్పు మిగిలింది. ఒక సాయంత్రం యార్డు నుంచి మా ఇంటికొచ్చి, చేతికున్న వాచీ తీసి మా అబ్బాయికిచ్చాడు. "నాకెందుకురా ఇక" అన్నాడు. పిల్లాడు మురిసిపోయాడు. నాకు గుండె కలుక్కుమంది.

వంటింట్లోకి పిలిచి అడిగేశాను. "ఒరేయ్, చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా?" అడిగే ముందు ఎంత టెన్షన్ పడ్డానో! లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని మనందరి భయం. అడిగినంత మాత్రాన పుట్టదని డాక్టర్లు గట్టిగానే చెబుతారు. మోసేవాడికి బరువు దించుకునే చోటు దొరుకుతుంది, అంతే.

వాడు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వారం నుంచి అదే ఆలోచనక్కా" అన్నాడు.

అప్పుడు నేనో తప్పు చేశాను. "పిల్లల మొహం చూడరా, ఇంత పిరికివాడివా?" అన్నాను. వాడు ముడుచుకుపోయాడు. పిల్లలకి అన్యాయం చేశానని వాడు అప్పటికే కుమిలిపోతున్నాడు, నేను ఇంకాస్త రుద్దాను. ఆ తర్వాత నోరు మూసుకుని విన్నాను. మూడుసార్లు కాఫీ పెట్టాను.

ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. మా మరదలికి ఫోన్ చేసి, ఇంట్లో, షెడ్డులో ఉన్న పురుగుమందులన్నీ బంధువులింటికి పంపించేశాం. ఆ ఆలోచన ముదిరిన గంటలు గడిపించడమే అసలు పని.

14416 కి ఫోన్ చేసింది కూడా నేనే. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ అది, టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆలోచించకుండా 108.

పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరుతుంటే ఒక పెద్దాయన అడ్డుపడ్డారు, పోలీసు కేసవుతుందట! మావాడు ప్రయత్నమే చేయలేదు. చేసినవాళ్లనైనా తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క భయంతో ఎన్ని ఇళ్లల్లో తలుపులు మూసుకుంటున్నారో.

మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. కాస్త నవ్వగానే మేమూ ఊపిరి పీల్చుకుని ఫోన్లు తగ్గించాం. డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది.

అప్పు ఇంకా ఉంది. ప్రతి సోమవారం ఫోన్ చేసి, "ఆ ఆలోచన వచ్చిందా?" అని పంటల సంగతి అడిగినట్టే అడుగుతాను. మొన్న, "ఒకసారి వచ్చిందక్కా" అన్నాడు. సాయంత్రం బస్సుకి రమ్మన్నాను. వచ్చాడు.