ఫోన్-ఇన్: పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ ఇంకా ఎండీ5లోనే ఉందా?

యాంకర్: నమస్తే అండీ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు వింటున్న మనోళ్లందరికీ నమస్తే. డేటాబేస్ పని ఏళ్ల తరబడి చేస్తున్న మేడమ్ గారు మనతో ఉన్నారు. లైన్లో బరంపురం నుంచి ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నేను పట్టుచీరల సొసైటీలో కంప్యూటర్ పని చూస్తానండి. బిల్లింగు, స్టాకు అంతా జావాలో రాసిన పాత సాఫ్ట్‌వేరు, వెనకాల డేటా అంతా దాచేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. సర్వర్ పాడైపోతే కొత్తది తెచ్చి 16 వెర్షన్ ఎక్కించి, కొత్త యూజర్ పెట్టి పాస్‌వర్డ్ ఇచ్చానండి. అథెంటికేషన్ టైప్ 10 నాట్ సపోర్టెడ్ అంటాది, లోపలికి పోనివ్వదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన్ని అడిగితే ఎవర్ని ఎలా లోపలికి రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో ట్రస్ట్ అని రాసీ, అయిపోద్ది అన్నాడు. రాసీమంటారా?

మేడమ్: వద్దు బాబూ, రాయొద్దు. ట్రస్ట్ అంటే ఆ లైన్ కిందకొచ్చే ప్రతి మిషన్‌నీ పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి రానివ్వడమే. మీ నేతగాళ్ల కూలి లెక్కలన్నీ అందులోనే ఉంటాయి కదా, ఆఫీసు వైఫైలోకి వచ్చిన ఎవరైనా వాటిని దిద్దేయొచ్చు. నీ సర్వర్‌కి ఏ జబ్బూ లేదు. పాస్‌వర్డుని స్క్రామ్ అనే కొత్త తనిఖీ పద్ధతిలో అడుగుతోంది, డేటాబేస్‌తో మాట్లాడే నీ పాత జావా డ్రైవర్‌కి ఆ పద్ధతి తెలీదు, టైప్ 10 అంటే అంతే. ఆ డ్రైవర్నే జేడీబీసీ అంటారు, 42.2.0 వెర్షన్ నుంచి దానికి స్క్రామ్ తెలుసు. జావా 8 ఉంటే ఆ డ్రైవర్ ఉండే జార్ ఫైల్ ఒక్కటీ కొత్తది పెట్టి చూడు, చాలాసార్లు అసలు ప్రోగ్రాము ముట్టుకునే పనే ఉండదు.

కాలర్: మరి మా పాత సర్వర్లో ఇదేటీ లేదు కదండీ?

మేడమ్: అప్పుడు ఎండీ5 అనే పాత పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌లోకి అది 2002లో వచ్చింది, 7.2 వెర్షన్లో. పాస్‌వర్డునీ యూజర్ పేరునీ కలిపి వెనక్కి తిప్పలేని కోడుగా మార్చి, అంటే హ్యాష్ చేసి దాచుకునేది, కాబట్టి ఇక్కడా బొంబాయిలోనూ యూజర్ పేరూ పాస్‌వర్డూ ఒకటే అయితే హ్యాష్ కూడా అక్షరం తేడా లేకుండా ఒకటే. అంతకన్నా పెద్ద బాధ ఏంటంటే లోపలికెళ్లడానికి అసలు పాస్‌వర్డే అక్కర్లేదు, ఆ హ్యాష్ చేతికి దొరికితే చాలు, అదే తాళంచెవి. దీన్ని మార్చడానికి మైకేల్ పాకియే, హైకీ లిన్నకంగస్ అనే ఇద్దరు ఇందాక చెప్పిన స్క్రామ్‌ని, పూర్తి పేరు స్క్రామ్ ఎస్‌హెచ్‌ఏ 256, పోస్ట్‌గ్రెస్‌లోకి తెచ్చారు, 2017లో వచ్చిన 10 వెర్షన్లో. 2021లో వచ్చిన 14 వెర్షన్ నుంచి కొత్త పాస్‌వర్డులన్నీ మామూలుగా స్క్రామ్‌లోనే పడతాయి, నీకు తగిలింది అదే. 18 వెర్షన్ అయితే ఎండీ5 పాస్‌వర్డు పెడుతుంటేనే వార్నింగ్ ఇస్తుంది. వాళ్లు అంత కష్టపడి గట్టి చేసిన తలుపుని ఒక పాత జార్ కోసం మనం తీసేస్తామా బాబూ?

కాలర్: లేదండి, జారే మారుస్తాను. ఒకేల దానికీ ఒప్పుకోకపోతే?

మేడమ్: అప్పుడు ఆ ఒక్క యూజర్‌కే ఎండీ5 పాస్‌వర్డ్ పెట్టి, హెచ్‌బీఏలో ఆ ఒక్క మిషన్ ఐపీకే లైన్ రాయి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకానే అది. ట్రస్ట్ మాత్రం ఒద్దు.

యాంకర్: రాయగడ నుంచి ఇంకో కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అక్కా. మా కాలేజీలో పిల్లల ఫీజు డేటాబేస్ ఉంది, పాత యూజర్లే ఇరవై దాకా ఉంటారు. పాస్‌వర్డులు దాచే సెట్టింగ్ స్క్రామ్‌కి మార్చేశాను, ఇంక భయం లేదు కదా?

మేడమ్: ఇక్కడే అందరూ ఆగిపోతారమ్మా. సెట్టింగ్ మారిస్తే పాత పాస్‌వర్డులు మారవు, సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డ్ లేదు కదా, దేన్ని తిప్పుతుంది? ప్రతి యూజర్‌కీ మళ్లీ పెట్టాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లిచ్చే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పాస్‌వర్డ్ కమాండ్ వాడు, అప్పుడు హ్యాష్ నీ మిషన్లోనే అయిపోతుంది, పాస్‌వర్డ్ సర్వర్ లాగ్‌లో పడదు. తర్వాత అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజర్‌గా, హ్యాషులుండే పీజీ ఆథ్ఐడీ టేబుల్ తీసి చూడు, ఎండీ5తో మొదలయ్యే హ్యాష్ ఒక్కటీ మిగలకూడదు. అప్పుడు మాత్రమే హెచ్‌బీఏలో ఎండీ5 అని ఉన్నచోట స్క్రామ్ ఎస్‌హెచ్‌ఏ 256 అని రాసి రీలోడ్ చెయ్యి. ముందే రాసేస్తే పాత పాస్‌వర్డు ఉన్నోళ్లందరూ బయట నిలబడిపోతారు, ఫీజులు కట్టించుకునే రోజుల్లో అలా చేశావంటే ఆఫీసంతా నీ మీదకొస్తుంది. హెచ్‌బీఏలో ఎండీ5 అని ఉన్నంతసేపూ రెండు రకాలూ నడుస్తాయి కాబట్టి కంగారక్కర్లేదు, రోజుకి ఇద్దరు ముగ్గురివి మార్చుకుంటూ పో.

కాలర్: బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇంటికి తీసుకెళ్తున్నారక్కా మా క్లర్కు గారు.

మేడమ్: మొత్తం సర్వర్‌ని కాపీ తీసే డంప్‌ఆల్ కమాండ్‌తో తీసిందా? అయితే అందులో హ్యాషులన్నీ ఉంటాయమ్మా. ఎండీ5వి అయితే ఆ పెన్‌డ్రైవ్ దొరికినోడు నేరుగా లాగిన్ అయిపోగలడు. స్క్రామ్‌లో దాచింది ఒక్కటే పట్టుకుని లోపలికి రాలేడు, ఊహించి కనుక్కుందామన్నా ఒక్కో ఊహకీ 4096 సార్లు లెక్క తిప్పాలి, ఒక్కో యూజర్‌కీ సాల్ట్, అంటే పాస్‌వర్డుకి కలిపే అడ్డదిడ్డం అక్షరాలు, వేరు. అలాగని కాలేజీ పేరే పాస్‌వర్డుగా పెడితే ఏ స్క్రామూ ఆపలేదు. ఆ పెన్‌డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయించు ముందు, పాత ఎండీ5 బ్యాకప్పులు బయట తిరుగుతున్నాయి కాబట్టి కొత్త పాస్‌వర్డులు పాతవాటి దగ్గర్లో కూడా ఉండకూడదు.

యాంకర్: గుణుపురం నుంచి ఒక తమ్ముడు, టైమ్ లేదు, తొందరగా అడుగమ్మా.

కాలర్: పాస్‌వర్డ్ ఒడియా అక్షరాల్లో, తెలుగులో పెట్టొచ్చా అండి?

మేడమ్: పెట్టొచ్చు నాన్నా, యూటీఎఫ్ 8 అనే అక్షరాల కోడింగులో ఉంటే స్క్రామ్ ముందు వాటిని ఒక పద్ధతిలోకి సర్ది తర్వాతే లెక్క కడుతుంది. కానీ రాత్రిపూట సర్వర్ ఆగిపోయి వేరే ఊళ్లో వేరే కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆ అక్షరాలు కొట్టగలవా లేదా చూసుకో. నేనైతే ఇంగ్లీషు అక్షరాలతోనే పొడుగ్గా పెడతాను.