మేళాకు కార్డు మెషిన్ తీసుకునే ముందు రసీదు పుస్తకం తెరవండి

[దృశ్యం: చీకటి గది. స్విచ్ వేసిన చప్పుడు. తోలు ల్యాంప్‌షేడ్ వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల నెమలి.]

నమస్తే అండీ. ఈ నెమలి ల్యాంపు 4,500 రూపాయలు. పోయినేడాది హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో ఒకావిడ దీన్ని అరగంట తిప్పి తిప్పి చూసింది. మేకతోలేనా, తడిస్తే రంగు పోతుందా, ఏ బల్బు పెట్టాలి, అన్నీ అడిగింది. చివరికి తీసుకుంటానని కార్డు ఇచ్చింది. మెషిన్ తిరుగుతోంది, తిరుగుతోంది. మాకిచ్చిందేమో రేకుల షెడ్డు, సిగ్నల్ ఒక్క గీత. "పక్క స్టాల్ చూసొస్తానమ్మా" అని వెళ్ళింది. అంతే, మళ్ళీ కనపడలేదు.

ఆ మెషిన్‌కి అప్పటికే ఎనిమిది నెలల అద్దె కట్టాం. అందులో ఏడు నెలలు అది బీరువాలో చీరల కింద పడుకుంది.

[దృశ్యం: ఇంటి వరండా. ఆరబెట్టిన తోలు, రంగు గిన్నెలు.]

మాది నిమ్మలకుంట, ధర్మవరం పక్కన. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ, ఏ ఊరని ఎవరన్నా అడిగితే నోట్లోంచి అనంతపురమనే వస్తుంది. తోలుబొమ్మల ఊరు మాది. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఈ ఊరి నుంచే. మా ఇంట్లో తోలు మీద చిల్లులు కొట్టేది మామయ్య, రంగులు వేసేది అత్తమ్మ. డబ్బుల లెక్కలు నావి. కాబట్టి తప్పు కూడా నాదే.

కార్డు మెషిన్ అనగానే అందరూ ముందు అడిగేది "పర్సంటేజీ ఎంత?" అని, అంటే ఒక్కో కార్డు బిల్లు మీద కంపెనీ ఎంత కోసుకుంటుందని. నేనూ అదే అడిగి మునిగాను.

[దృశ్యం: రసీదు పుస్తకం దగ్గరగా. పేజీలు తిప్పుతున్న వేలు.]

ఆ ఎగ్జిబిషన్ నుంచి వచ్చాక నాలుగు రోజుల బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. కీచైన్లు, బుక్‌మార్కులు, చిన్న హనుమంతుడి బొమ్మలు, అంటే 500 లోపువన్నీ ఫోన్‌పే, గూగుల్‌పేలోనే. కొంచెం నగదు. కార్డు బయటికి తీసింది మొత్తం పదకొండు మంది. పదకొండు బిల్లులూ 2,000 దాటినవే. అంటే నాకు కార్డు కావాల్సింది ఏడాదిలో కొన్ని రోజులు, కొన్ని పెద్ద ల్యాంపులకు.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాదంతా కలిపి కార్డుల మీద 1,20,000 అమ్మాం అనుకుందాం.

[స్క్రీన్ మీద లెక్క చేతిరాతతో, ఒక్కో వరుస.]

ఒక కంపెనీ 1.8 శాతం అంటుంది, నెలకు 400 అద్దె. శాతం తక్కువే కదా అనిపిస్తుంది. 1.8 శాతం అంటే 2,160. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 2,549. అద్దె 400కి జీఎస్టీ కలిపితే 472, పన్నెండు నెలలకు 5,664. మొత్తం 8,213.

ఇంకో కంపెనీ 2.5 శాతం అంటుంది, అద్దె లేదు. 3,000కి జీఎస్టీ కలిపి 3,540. అయిపోయింది.

రెండో దాంట్లో శాతం ఎక్కువే. కానీ జేబులోంచి పోయేది సగం కూడా లేదు. రెండు వేల లోపు కార్డు బిల్లులకు ఈ ఛార్జీ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది, నా బిల్లులన్నీ ఆ పైనే కాబట్టి నాకు కలిసిరాలేదు.

అదే ధర్మవరంలో పట్టుచీరల షాపు ఉందనుకోండి, రోజూ ఇరవై కార్డులు గీకుతారు. వాళ్ళకి అద్దె ఒక లెక్కలోది కాదు, శాతం తగ్గించుకోవడమే ముఖ్యం. వాళ్ళ మెషిన్ చూసి మనం తీసుకోకూడదు. నేను చేసింది అదే, మా చిన్నాన్న వాళ్ళ చీరల షాపులో చూసి అదే కంపెనీకి ఫోన్ కొట్టాను.

[దృశ్యం: రెండు క్యూఆర్ కోడ్‌లు పక్కపక్కన.]

మెషిన్ కంటే ముందు ఒక పని చేయండి. స్టాల్‌లో పెట్టిన క్యూఆర్ మీ సొంత నంబర్‌దా, వ్యాపారం పేరుతో తీసుకున్నదా చూసుకోండి. యూపీఐకి, రూపే (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి మన దేశపు కార్డు) డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర ఛార్జీ తీసుకోవడం లేదు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును కూడా యూపీఐకి కలుపుకోవచ్చు. ఫోన్‌తో స్కాన్ చేస్తే క్రెడిట్ కార్డు నుంచి డబ్బు వస్తుంది. కానీ అది వ్యాపార క్యూఆర్ మీదే పనిచేస్తుంది. మామయ్య ఫోన్ నంబర్ క్యూఆర్ పెడితే ఆ కస్టమర్‌కి "చెల్లదు" అని వస్తుంది, తప్పు మనదని మనకే తెలియదు. చిన్న వ్యాపారులకు ఇలా వచ్చే డబ్బు మీద 2,000 వరకు ఛార్జీ లేదు, దాటితే ఉంటుంది. ఈ క్యూఆర్ మార్చుకున్నాకే నా పదకొండు మందిలో కొందరు మెషిన్ అవసరం లేకుండా తగ్గుతారు.

[దృశ్యం: వరండాలో కుర్చీ. చేతిలో కొటేషన్ కాగితం.]

ఇక ఏజెంట్ వచ్చి "అన్ని కార్డులకూ ఫ్లాట్ రెండు శాతం మేడమ్, సింపుల్" అంటాడు. సింపుల్ వాళ్ళకి. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్నవాళ్ళ దగ్గర రూపే కాని డెబిట్ కార్డు మీద కూడా మెషిన్‌లో 0.40 శాతం మించి తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు, 2018 జనవరి నుంచి ఉంది. క్రెడిట్ కార్డుకు అలాంటి పైహద్దు లేదు, బేరమాడాల్సింది అక్కడే. డెబిట్ వేరే, క్రెడిట్ వేరే, విదేశీ కార్డు వేరే రాసిమ్మని అడగండి. నోటి మాట వద్దు.

విదేశీ కార్డు మనకెందుకు అంటారా? పుట్టపర్తిలో స్టాల్ పెట్టి చూడండి. పెద్ద రాముడు, రావణుడు బొమ్మలు ఫ్రేమ్ కట్టించుకుని కొనేది అక్కడికి వచ్చే విదేశీయులే. ఆ కార్డుల మీద ఛార్జీ ఎక్కువ, పైగా కొన్ని మెషిన్లలో ఆ సౌకర్యం ముందే అడిగి తెరిపించుకోవాలి.

ఛార్జీ పడుతోంది కదా అని కస్టమర్‌తో "కార్డు అయితే ఇంకో రెండు శాతం ఇవ్వండి" అనకండి. డెబిట్ కార్డుకైతే అది రూలుకే విరుద్ధం. ల్యాంపు ధరలోనే కలుపుకోండి. 4,500 బదులు 4,600 పెడితే ఎవరూ వెనక్కి పోరు.

[దృశ్యం: రేకుల షెడ్డులో స్టాల్. ఫోన్ మీద సిగ్నల్ గీతలు.]

సిగ్నల్ సంగతి. మెషిన్‌లో ఏ కంపెనీ సిమ్ వేస్తారో అడగండి, వైఫై పట్టే మెషిన్ అయితే మన ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వొచ్చు. మెషిన్ లేకుండా ఎన్‌ఎఫ్‌సీ (కార్డు దగ్గర పెడితే చదివే సౌకర్యం) ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ మీదే కార్డు ఆనించే పద్ధతి కూడా వచ్చింది. ఆనించే కార్డుకు 5,000 వరకు పిన్ అక్కర్లేదు, మా ల్యాంపులు చాలావరకు అందులోనే వస్తాయి. నాకు అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం పేమెంట్ లింక్. కస్టమర్ నంబర్‌కి లింక్ పంపితే వాళ్ళ ఫోన్‌లో, వాళ్ళ సిమ్ మీద, వాళ్ళే కార్డు నంబర్ కొట్టుకుంటారు. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పెద్దవాళ్ళు విసుక్కుంటారు. అయినా ఆ నెమలి ఆవిడకి అది పంపి ఉంటే ల్యాంపు అమ్ముడయ్యేది.

డబ్బు ఎప్పుడు అకౌంట్‌లో పడుతుంది అనేది టెన్షన్ పెట్టే విషయం. మామూలుగా మరుసటి పనిదినం. శని, ఆదివారాల్లో అమ్మింది సోమవారమో మంగళవారమో వస్తుంది. కానీ ఆటో, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి ఆదివారం రాత్రే ఇవ్వాలి. కొంత నగదు పక్కన ఉంచుకోండి. పైగా నెలల తరబడి ఖాళీగా ఉన్న మెషిన్‌లో ఒక్కసారిగా నలభై వేలు వస్తే కంపెనీ వాళ్ళకి అనుమానం. మాకు డబ్బు ఆపి, ఎగ్జిబిషన్ అలాట్‌మెంట్ లెటర్ పంపమన్నారు. ఆరు రోజులు ఆగింది. ఇప్పుడు మేళాకు పోయే ముందే "ఫలానా తేదీల్లో అమ్మకాలు ఎక్కువ ఉంటాయి" అని మెయిల్ పెట్టేస్తాను.

అప్లికేషన్‌లో షాపు ఫోటో అడుగుతారు. మనకి షాపు ఎక్కడిది? ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు), పాన్, వ్యాపారం పేరు మీద బ్యాంకు అకౌంట్ ఉంటే పని చాలావరకు నడుస్తుంది. ఉద్యం ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. మెషిన్ వద్దనుకున్నప్పుడు ఎలా తిరిగివ్వాలి, కనీసం ఎన్ని నెలలు ఉంచుకోవాలి అనేది కూడా సంతకానికి ముందే చదవండి. నాకు పన్నెండు నెలల లాక్ ఉందని తొమ్మిదో నెలలో తెలిసింది.

కార్డు స్లిప్ కాగితం వేడికి రంగు పోతుంది. మా ఎండలకి రెండు నెలలకే తెల్లగా అయిపోయింది. ఎవరైనా "నేను కొనలేదు" అని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే చూపించడానికి ఏమీ ఉండదు. స్లిప్, బిల్లు, వీలైతే వస్తువు, మూడూ కలిపి అక్కడికక్కడే ఫోటో తీసుకోండి.

[దృశ్యం: వంటగది గట్టు మీద ఫోన్. ఒక చేయి కార్డు ఆనిస్తుంది. బీప్ శబ్దం.]

ఈసారి బెంగళూరు మేళాకు పోయే వారం ముందు మా మరిది డెబిట్ కార్డుతో పది రూపాయలు గీకించాను. బీప్ వచ్చింది, స్లిప్ వచ్చింది. మరుసటి రోజు సాయంత్రం వరకు అకౌంట్‌లో పడలేదు. ఫోన్ చేస్తే అప్లికేషన్‌లో ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఒక అంకె తప్పుందన్నారు. సరిచేయించి, ఇంకో పది రూపాయలు గీకి, అవి పడ్డాకే బస్సు టికెట్లు బుక్ చేశాను.