సొంతూరు పొమ్మంది: ట్రంప్ తాత కథ

[తెరపై: పాత ఆవిరి ఓడ బొమ్మ]

నమస్తే. డొనాల్డ్ ట్రంప్ తాతది ఏ దేశం? ఆ ఇంట్లోవాళ్లు చాలా ఏళ్లపాటు స్వీడన్ అనే చెప్పుకున్నారు. 1987లో వచ్చిన ట్రంప్ పుస్తకంలోనూ అదే రాసి ఉంది. నిజానికి ఆయన అచ్చమైన జర్మన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూయార్క్‌లో వాళ్ల ఇళ్లలో అద్దెకుండేవాళ్లలో చాలామంది యూదులు. అందుకే జర్మన్ అని చెప్పుకోలేదని ఆ కుటుంబంలోని బంధువే తర్వాత బయటపెట్టారు.

[తెరపై: మ్యాప్, నైరుతి జర్మనీ]

ఊరి పేరు కాల్‌స్టాట్. చుట్టూ ద్రాక్షతోటలు. అప్పట్లో బవేరియా రాజ్యం కింద ఉండేది. హైంజ్ కెచప్ కంపెనీ పెట్టినాయన తండ్రిదీ ఇదే ఊరు, చూడండి! ట్రంప్ తాత ఫ్రీడ్రిష్ ట్రంప్ అక్కడ 1869లో పుట్టాడు. ఎనిమిదేళ్లకే తండ్రి పోయాడు, వైద్యానికి చేసిన అప్పులు మిగిలాయి. పైగా ఆ ప్రాంతంలో ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచేవాళ్లు. తరం మారేకొద్దీ తోట ముక్కలైపోయేది. ఈ పంపకాల గొడవ మనకు కొత్తేం కాదు. బక్కపలచని కుర్రాడు తోటపని చేయలేడని తల్లి మంగలిపని నేర్చుకోవడానికి పంపింది. నేర్చుకుని వస్తే ఊళ్లో గిరాకీ లేదు. ఇంకో పక్క తప్పనిసరి సైనిక సేవ దగ్గర పడుతోంది.

1885 అక్టోబర్‌లో తల్లికి ఒక చీటీ రాసిపెట్టి రాత్రికి రాత్రే ఊరు దాటాడు. వయసు పదహారు. జర్మనీలోని బ్రెమెన్ రేవులో ఐడర్ అనే ఓడెక్కి, అక్టోబర్ 19న న్యూయార్క్‌లో దిగాడు. వీసా టెన్షన్ లేదు, అప్పటికి వీసాలే లేవు. అక్క ముందే అక్కడ ఉంది.

[తెరపై: చేతిరాత ప్రయాణికుల జాబితా, ఒక వరుస దగ్గరగా]

బ్రెమెన్ ఓడల జాబితాలు చాలావరకు మిగల్లేదు. దాచడానికి చోటు లేదని పాతవాటిని అక్కడి అధికారులే తీసి పారేశారు. అందుకే ఆ రేవు నుంచి వెళ్లినవాళ్ల జాడ న్యూయార్క్‌లో దిగినప్పటి జాబితాల్లో వెతకాలి. ఇక్కడ చూడండి, ఇంటిపేరు ‘ట్రంఫ్’ అని పడింది. పూర్వీకుల్ని వెతికేవాళ్లు సరైన స్పెల్లింగ్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే దొరకరు.

తర్వాత ఆరేళ్లు క్షవరాలు, ఆపైన సియాటిల్‌లో హోటల్, 1892లో అమెరికా పౌరసత్వం. కెనడాలోని క్లాండైక్‌లో బంగారం పడిందని జనం ఎగబడితే, ఈయన తవ్వడానికి పోలేదు. తవ్వడానికి పోయేవాళ్లకు తిండి పెట్టాడు. దారిలో చచ్చిన గుర్రాల మాంసం కూడా వడ్డించి ఉంటాడని ఆయన జీవితం రాసినవాళ్లు అంటారు. 1901కల్లా చేతినిండా డబ్బుతో ఊరికి తిరిగొచ్చాడు.

[తెరపై: 1904]

పక్కింటి అమ్మాయి ఎలిజబెత్‌ను పెళ్లాడి న్యూయార్క్ తీసుకెళ్తే, ఆమెకు అక్కడ మనసు నిలవలేదు. 1904లో పసిబిడ్డతో కాల్‌స్టాట్ వచ్చేశారు. దగ్గర 80,000 మార్కులున్నాయి. ఊరివాళ్లకు సంతోషమే, బవేరియా ప్రభుత్వమే ఒప్పుకోలేదు. సైన్యంలో చేరాల్సిన వయసుకు ముందు వెళ్లిపోయి, ఆ వయసు దాటాక వచ్చావు, కాబట్టి నువ్వు మా పౌరుడివి కావు, దేశం విడిచిపో అంది. బవేరియాను ఏలుతున్న రాజప్రతినిధి లూయిట్‌పోల్డ్‌కు ఉత్తరం రాసుకున్నాడు. మమ్మల్నెందుకు వెళ్లగొడతారు, ఒక కుటుంబానికి ఇదెంత కష్టమో చూడండి అని బతిమాలాడు. కుదరదన్నారు.

వలస అనగానే కలలు, సాహసం అంటాం. నన్నడిగితే, ఈ కుటుంబం అమెరికాలో స్థిరపడింది ఆ తిరస్కారం వల్లే. 1905 జులైలో వాళ్లు ఓడెక్కేటప్పటికి ఎలిజబెత్ గర్భవతి. డొనాల్డ్ తండ్రి ఫ్రెడ్ ఆ అక్టోబర్‌లో న్యూయార్క్‌లో పుట్టాడు.

ఫ్రీడ్రిష్ న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో స్థలాలు కొనడం మొదలుపెట్టాడు. 1918లో ఫ్లూ వచ్చి 49 ఏళ్లకే పోయాడు. వ్యాపారాన్ని భార్య చేతిలోకి తీసుకుంది. కంపెనీకి ‘ఇ. ట్రంప్ అండ్ సన్’ అని పేరు పెట్టింది. కొడుకు మైనర్ కాబట్టి చెక్కుల మీద సంతకం ఆమెదే.