దత్తపది ఇవ్వండి, సమస్య ఇవ్వకండి

[తెరపై: ఫోనులో చాట్‌బాట్, కింద ఖాళీ పెట్టె]

నమస్కారం. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో నా పక్కన ఇద్దరు పెద్దలు వాదించుకుంటున్నారు. ఒకాయన "చాట్‌బాట్ చెప్పిందండీ, తప్పెలా అవుతుంది?" అంటారు. రెండో ఆయన "అదంతా అబద్ధాల పుట్ట" అంటారు. నా విస్తట్లో గుత్తివంకాయ చల్లారిపోయింది గాని వాదన తెగలేదు. నిజానికి ఇద్దరూ పొరబడింది ఒక్కచోటే. ఎక్కడో భద్రంగా ఉన్న జవాబును అది తెచ్చి ఇస్తుందని ఇద్దరి నమ్మకం. అది తెచ్చి ఇవ్వదు, పూరిస్తుంది.

అష్టావధానంలో, అంటే ఎనిమిది మంది అడిగేవాటికి ఒక్కరే జవాబిచ్చే సాహిత్య క్రీడలో, సమస్యాపూరణం గుర్తు తెచ్చుకోండి. పృచ్ఛకుడు, అంటే అడిగేవాడు, "కుంజరయూథంబు దోమకుత్తుక జొచ్చెన్" అని ఒక పాదం ఇస్తాడు. మిగతా పద్యం అవధాని పూరించాలి. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! "అలా ఎక్కడైనా జరుగుతుందా నాయనా" అని అవధాని అనరు. అంటే ఆట చెడిపోతుంది. తెనాలి రామకృష్ణుడి పేరిట చెప్పుకునే పూరణలో, పాండవులంతటి వాళ్లు విరాటరాజు కొలువులో చేరవలసి వచ్చిన దుస్థితికి ఆ పాదాన్ని ముడిపెట్టారు. అంతే, ఏనుగులన్నీ దోమ గొంతులో హాయిగా పట్టేశాయి. మనం చప్పట్లు కొడతాం.

చాట్‌బాట్ పనీ ఇదే. అప్పటిదాకా వచ్చిన మాటల తరవాత ఏది పొసగుతుందో లెక్కగట్టి, ముక్క తరవాత ముక్క పేర్చుకుంటూ పోతుంది. పొసగడమే దాని ఛందస్సు. నిజం వేరే సంగతి.

నమ్మకం కుదరక నేనే ఒక సమస్య ఇచ్చాను. "ఆవకాయ మీద వేమన చెప్పిన పద్యం ఇవ్వు" అన్నాను. అలాంటి పద్యం నేనెక్కడా చూడలేదు. క్షణంలో నాలుగు పాదాలు వచ్చాయి. చివర "విశ్వదాభిరామ వినురవేమ", దాని కింద తాత్పర్యం. పైగా బ్రౌన్ దొర సేకరించిన పద్యాల్లో ఉందని ఒక కొసరు! ఏనుగులు దూరిపోయాయి చూశారా? అంతకన్నా నాకు ఒళ్లు మండింది రెండో పాదం చూసి.

[తెరపై: కారమున్న ముద్ద నోట]

కార, మున్న, ముద్ద, నోట. నాలుగే సూర్యగణాలు, అంటే పాదాన్ని కొలిచే చిన్న ముక్కలు. వేమన పద్యాల ఛందం ఆటవెలది, దాని రెండో పాదానికి అయిదు కావాలి. యతి సంగతి అడగకండి. వేమన పేరు పెట్టి గణం ఎగ్గొడతావా!

ఇది పద్యాలతో పోయే గొడవ కాదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌బాట్ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. అలాంటి తీర్పులే లేవు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

మరి దేనికి పనికొస్తుందంటారా? దత్తపదికి. అక్కడ పదాలు మనమే ఇస్తాం, వాటితో అల్లడం అవధాని పని. మా పక్కింటి బాబాయి గారు రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చారు. హెచ్‌బీఏ1సీ 7.4 అని ఉంది. కళ్లజోడు పైకి నెట్టుకుని "ఇదే చక్కెర నాయనా? పొద్దున పరగడుపున చూస్తే 118 కదా ఉంది" అన్నారు. పేరు, ఫోను నంబరు ఉన్న భాగం మడిచి, కాగితం ఫొటో తీసి ఇచ్చాను. ఇది ఒక్క పూట లెక్క కాదని, గత రెండు మూడు నెలల సగటును చూపుతుందని తేట తెలుగులో చెప్పింది. డాక్టరును అడగవలసిన ప్రశ్నలు కూడా రాసిచ్చింది. ఇంత ఓపిగ్గా మనకెవరు చెబుతారు చెప్పండి?

బాబాయి గారికి హుషారొచ్చింది. "అయితే మాత్ర ఇంకో సగం వేసుకోవచ్చు కదా అని అడుగు" అన్నారు. ఫోను జేబులో పెట్టేశాను. కాగితం దత్తపది, ఈ ప్రశ్న సమస్య. కోరుకున్న జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగితే, అది మనవైపే మొగ్గే ప్రమాదం ఉంది. ఆ దోమ గొంతు బాబాయి గారిదే అవుతుంది.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. నిషిద్ధాక్షరి, అంటే వద్దన్న అక్షరం రాకుండా పద్యం చెప్పడం: అక్షరాలను చాట్‌బాట్ మనలా చూడదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్లు లిపిని రాసుకునే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. వాటినీ తన వీలును బట్టి ముక్కలు చేసుకుంటుంది. అక్షరాలు లెక్కపెట్టమన్నప్పుడు తడబడటానికి, బహుశా ఆ గణం తప్పడానికీ ఇదే కారణం. ధారణ, అంటే చెప్పినవన్నీ గుర్తుంచుకోవడం: సంభాషణ బాగా పొడుగైతే మొదట చెప్పినవి జారిపోతాయి, కొత్తగా మొదలుపెట్టండి. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పేవీ ఉన్నాయి, నిజమే. అవి చూపించిన లింకు తెరిచి చదవండి, అందులో ఒకటి ఉండి ఇది ఇంకొకటి చెప్పడం నేను చూశాను.

బాబాయి గారు ఆ ప్రశ్నల కాగితంతో గురువారం డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. ఈలోగా ఛందస్సు తెలిసినవారు ఎవరైనా "కారమున్న ముద్ద నోట" తరవాత అయిదో గణం కామెంట్లలో పెట్టండి. చాట్‌బాట్‌ను అడగకుండా.