జడ్జి కుర్చీకి దారి ఎవరికి తెలుసు?

(చెన్నై స్టూడియోలో జరిగిన తెలుగు చర్చలో కొంత భాగం)

యాంకర్: 1954లో ఆంధ్రకు సొంత హైకోర్టు వచ్చేదాకా మన కేసులు కూడా ఈ మద్రాస్ హైకోర్టుకే వచ్చేవి. ఇప్పుడు జడ్జీల్లో మహిళలు, దళితులు పెరగాలంటున్నారు. సూటిగా అడుగుతాను మేడమ్. తీర్పు చట్టం ప్రకారమే ఇస్తారు కదా, జడ్జి ఎవరైతే ఏంటి?

న్యాయవాది: 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఏం చేసిందో గుర్తుందా అండీ? వేధింపుల కేసు నిందితుడికి బెయిలిస్తూ, బాధితురాలింటికి వెళ్లి రాఖీ కట్టించుకోమంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మహిళా జడ్జీలు పెరగాలని అప్పటి అటార్నీ జనరల్ వేణుగోపాల్ గారే ఆ కేసులో రాసిచ్చారు.

రిటైర్డ్ జడ్జి: కొట్టేసిన ఇద్దరూ మగ జడ్జీలేనమ్మా. 2018లో శబరిమల బెంచ్‌లో ఉన్న ఒక్క మహిళ, ఇందూ మల్హోత్రా గారు, ఆడవాళ్ల ప్రవేశానికి ఒప్పుకున్న మిగతా నలుగురితో విభేదించారు.

న్యాయవాది: ఒక్కరే ఉన్నారు కాబట్టే ఆవిడ మాట ‘ఆడవాళ్ల మాట’ అయి కూర్చుంది సార్! ముగ్గురుంటే ఎవరి అభిప్రాయం వాళ్లదే అయ్యేది. ఆడవాళ్లంతా ఒకే తీర్పిస్తారని నేననలేదే.

లా లెక్చరర్: ఎమ్మెల్యే నచ్చకపోతే అయిదేళ్లకు దించేస్తాం. జడ్జిని అలా దించలేం, దించకూడదు కూడా. అందుకే ఆ కుర్చీలోకి ఎవరు, ఎలా వస్తున్నారో ముందే అడగాలి. ఇదే హైకోర్టు నుంచి వెళ్లిన వరదరాజన్ గారు 1980లో సుప్రీంకోర్టు తొలి దళిత జడ్జి అయ్యారు. రాజ్యాంగం అమల్లోకొచ్చిన 30 ఏళ్లకు!

రిటైర్డ్ జడ్జి: అసలు చిక్కు వయసు దగ్గరుంది. హైకోర్టులో 62కి, సుప్రీంకోర్టులో 65కి రిటైర్మెంట్. ఆలస్యంగా వస్తే సీనియారిటీ రాదు, అది లేకపోతే కొలీజియంలో, అంటే పై కోర్టుల జడ్జీలను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందంలో, చోటుండదు. భానుమతి గారు తమిళనాడులో 1988లోనే నేరుగా జిల్లా జడ్జి అయ్యారు. 2003లో హైకోర్టు, 2014లో సుప్రీంకోర్టు, 2019లో కొలీజియం. తొందరగా మొదలుపెట్టారు కాబట్టి అందుకున్నారు. సుప్రీంకోర్టు జడ్జి నాగరత్న గారి వంతు 2027లో వస్తే చీఫ్ జస్టిస్‌గా ఉండేది 36 రోజులే.

లా లెక్చరర్: కింది కోర్టులకు పరీక్ష ఉంది, రిజర్వేషన్ ఉంది. పైన అవేవీ లేవు, కొలీజియం కంట్లో పడాలి. తండ్రో మామో పేరున్న లాయరైతే తొందరగా పడతారు.

యాంకర్: మామగారి చాంబర్ సంగతి టీవీలో ఎవరూ ఎత్తరే! (నవ్వులు)

న్యాయవాది: నేనెత్తుతాను. ఆడ లాయరంటే విడాకుల కేసులే అనుకుంటారు. టాక్స్ కేసులు, రాజ్యాంగం కేసులు వాదించే అవకాశమే ఇవ్వకపోతే జడ్జీల కంట్లో ఎలా పడతాం? ప్రభుత్వ ప్లీడర్లలో ఎవరికి ఏ కేసులిచ్చారో ఆ లిస్టు ముందు బయటపెట్టమనండి.

రిటైర్డ్ జడ్జి: అడగాల్సిందే. పక్కనపెట్టిన పేర్లకు కొలీజియం కూడా కారణం చెప్పాలి.

న్యాయవాది: చెబితే వాళ్ల పరువు పోతుందంటారు కదా సార్?

రిటైర్డ్ జడ్జి: టీవీకి చెప్పక్కర్లేదమ్మా. ఆ మనిషికి చెబితే చాలు.