ఒక్క వాన పడగానే నాట్లు వేయొద్దు

యాంకర్: అందరికీ నమస్కారం. రోహిణి కార్తె వచ్చి నాలుగు రోజులైంది. నిన్న సాయంత్రం ఈదురుగాలితో వాన దంచింది. ఇవాళ పొద్దున్నుంచి స్టూడియో ఫోన్ ఆగడం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, మిద్దె మీద కూరగాయలు పెట్టేయొచ్చా అని. ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరైన మేడమ్ మనతో ఉన్నారు. నమస్తే మేడమ్.

మేడమ్: నమస్తే అమ్మా. కొన్ని తప్ప మిగతావి ఇప్పుడే వద్దు. నిన్న పడింది వేసవి వాన, తొలకరి కాదు. ఇవాళ పదకొండింటికల్లా మిద్దె మళ్లీ కాలిపోతోంది చూడండి. నైరుతి రుతుపవనాలు మనదాకా వచ్చేది మామూలుగా జూన్ రెండో వారంలో. ఈలోపు లేత నారు తెచ్చి ఎండలో పెడితే వారం కూడా నిలవదు. నర్సరీలో డబ్బు పెట్టి కొన్న మొక్కలు అలా వాడిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

యాంకర్: మొదటి కాల్ ఉప్పల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. మాకు పది టమాటా మొక్కలున్నాయి. పూత బాగానే వస్తుంది, రెండు రోజులకే రాలిపోతుంది. వర్మీకంపోస్ట్ వేశాను, బోరాన్ కొట్టాను. ఏం లాభం లేదు. పీకేసి కొత్తవి పెట్టనా?

మేడమ్: మీ తప్పేం లేదమ్మా, ఎరువు తప్పూ లేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే టమాటా పుప్పొడి పాడవుతుంది. ఇక పూత పిందె కట్టదు. మనకిప్పుడు 40 దగ్గర ఉంది. ఇంకో మందు కొడితే ఖర్చే. ఆకులు ఎలా ఉన్నాయి?

కాలర్: ఆరు మొక్కలు పచ్చగానే ఉన్నాయి. నాలుగింటికి ఆకులు చిన్నవైపోయి పైకి ముడుచుకున్నాయి.

మేడమ్: ఆ నాలుగూ ఇవాళే పీకేయండి. అది ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, ఒకసారి సోకితే మందు లేదు. పక్కన పడేయకుండా కవర్లో కట్టి చెత్తబండిలో వేసేయండి. మిగతా ఆరింటికి ముదురు కొమ్మలు కత్తిరించి, నీడ నెట్ కిందకి జరపండి. వానలకు చిగురు పెట్టి మళ్లీ పూస్తాయి. కొత్తవి కావాలంటే ఇప్పుడు విత్తనం పోసుకోవాలి. పాత పెరుగు కప్పులకు అడుగున చిల్లు పెట్టి, నీళ్ల ట్యాంకు నీడలో ఉంచండి. 25 నుంచి 30 రోజుల్లో నారు చేతికొస్తుంది, అప్పటికి వానలూ కుదురుకుంటాయి. వంగ, మిర్చి కూడా ఇలాగే.

యాంకర్: అంటే నెల రోజులు కుండీలు ఖాళీగా ఉండాల్సిందేనా?

మేడమ్: ఎందుకుండాలి? ఎండంటే ఇష్టపడే కూరలు మనకు చాలా ఉన్నాయి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి. వీటిని ఇప్పుడే విత్తుకోండి. బెండను మాత్రం నారు పోసి నాటకండి, దాని తల్లివేరు కదిలిస్తే ఓర్చుకోదు. రాత్రి నానబెట్టి పొద్దున నేరుగా కుండీలో గుచ్చండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక, ఆకు ఈనెలు పసుపెక్కే తెగులును తట్టుకునేలా తయారుచేసిన రకం. 45, 50 రోజుల్లో కూర వండుకోవచ్చు.

ఇంకో మాట. మధ్యాహ్నం పైపు తిప్పి నీళ్లు పోయకండి. మిద్దె మీది ట్యాంకులో, పైపులో ఉన్నవి వేడినీళ్లే, వేర్లు ఉడికిపోతాయి. పొద్దున ఏడులోపు పోయండి. సాయంత్రం వేలు గుచ్చి చూసి, తడి లేకపోతేనే మళ్లీ. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో కప్పితే నీళ్లు బాగా మిగులుతాయి. నీటి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇళ్లలో అదేం చిన్న సంగతి కాదు.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన.

కాలర్: నమస్తే అమ్మా. మాది పాలమూరు వైపు, సేద్యం చేసినవాణ్ణే. కొడుకు దగ్గరికొచ్చి ఆరేళ్లయింది. పోయిన ఫిబ్రవరిలో చిక్కుడు పెడితే పందిరంతా అల్లింది కానీ ఎండాకాలమంతా ఒక్క పూత లేదు. కోడలు తీసేయమంటే తీసేశాను. ఊళ్లో ఎప్పుడూ ఇట్లా కాలేదు.

మేడమ్: బాబాయ్ గారూ, ఊళ్లో మీరు ఎప్పుడు పెట్టేవారు?

కాలర్: మృగశిర వచ్చినాక. "మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది" అంటారు కదమ్మా, ఆ వానకే.

మేడమ్: మీ ఊరి లెక్కే సరైనది. నాటు చిక్కుడు పొద్దును చూసి పూస్తుంది. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూత. ఫిబ్రవరి తర్వాత పగలు పెరుగుతూ పోతుంది కాబట్టి తీగే సాగుతుంది. ఇంకొన్ని నెలలు ఉంచితే చలి మొదట్లో పూసేదే. ఈసారి జూన్‌లో పెట్టండి, సంక్రాంతికి పందిరి నిండా కాయ ఉంటుంది. పందిరికి చోటు లేకపోతే అర్క జయ్, అర్క విజయ్ అని పొట్టి రకాలున్నాయి, వాటికి పొద్దుతో పని లేదు.

కాలర్: పందిరిదే పెడతానమ్మా. కట్టెలు ఇంకా అట్లనే ఉన్నాయి.

యాంకర్: మియాపూర్ నుంచి కాల్.

కాలర్: హాయ్ మేడమ్. అద్దె ఫ్లాట్, బాల్కనీ మాత్రమే. కొత్తిమీర మూడుసార్లు వేశాను, మొలవట్లేదు. ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ నుంచి బయటకొచ్చే నీళ్లు వృథా కాకూడదని అవే పోస్తున్నాను.

మేడమ్: కుండీ అంచుల్లో తెల్లగా పొడి పేరుకుందా?

కాలర్: అవును మేడమ్, చాలా.

మేడమ్: అది ఉప్పు, బాబూ. ఆర్‌ఓ వదిలే నీళ్లలో లవణాలు ఎక్కువ. వాటిని నేల తుడవడానికి వాడుకోండి. మొక్కలకు నల్లా నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు చాలు. మొదటి పెద్ద వానకు కుండీల్ని బయట పెట్టండి, అడుగు చిల్లులోంచి ఉప్పు కొట్టుకుపోతుంది. కొత్తిమీరకు ఈ వేడి పడదు. జూలై దాకా ఆగి, ధనియాల్ని చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి. ఈలోపు అదే ట్రేలో మట్టి మార్చి తోటకూర చల్లితే 25 రోజుల్లో కోసుకుంటారు.

యాంకర్: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకరు మెసేజ్ పెట్టారు. డ్రమ్ములు సగానికి కోసి మిద్దె మధ్యలో వరసగా పెట్టొచ్చా అని.

మేడమ్: మధ్యలో వద్దు. వంద లీటర్ల తడి మట్టి 150 కిలోలు దాటుతుంది. గోడలు, బీములు ఉన్న వైపు పెట్టండి, అదీ ఇంజనీర్‌కు చూపించి. కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు ఎక్కువ కలిపితే బరువు తగ్గుతుంది. పచ్చి పేడ మాత్రం ముట్టుకోవద్దు.

యాంకర్: చివరి కాల్, మలక్‌పేట నుంచి. ఎవరు మాట్లాడుతున్నారు?

కాలర్: నేను ఐదో తరగతి. ఆంటీ, మా సొర తీగకు తెల్ల పూలు చాలా వస్తున్నాయి, అన్నీ రాలిపోతున్నాయి. తాతయ్య మందు కొట్టాలంటున్నాడు.

మేడమ్: మందు వద్దని చెప్పు కన్నా. పువ్వు కింద బుల్లి సొరకాయ లాంటిది ఉందా, ఉత్త కాడేనా?

కాలర్: ఉత్త కాడే. కానీ రెండిటికి బుల్లి కాయ ఉంది.

మేడమ్: ఉత్త కాడవి మగ పూలు, అవి రాలాల్సిందే. ఎండాకాలంలో అవే ఎక్కువ వస్తాయి. బుల్లి కాయవి ఆడ పూలు. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళకు తేనెటీగలు ఇంటికెళ్లిపోతాయి. అందుకని నువ్వే ఒక మగ పువ్వు కోసి, రెక్కలు తీసేసి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దు. నాలుగు రోజుల్లో కాయ లావెక్కితే అతికినట్టే.

కాలర్: ఇవాళే చేయొచ్చా?

మేడమ్: పువ్వు విచ్చుకుంటే ఇవాళే. చీకటి పడుతుండగా వెళ్లు.

కాలర్: అయితే తాతయ్యను టార్చ్ పట్టుకోమంటా.